సరే మేడమ్

మా అక్క కుర్చీలో కుదురుగా కూర్చోవడం నేను చూసింది తక్కువ. ఇరవై ఆరేళ్లు పిల్లల వార్డులో హెడ్ నర్సుగా చేసిన మనిషి. ఇంట్లోనూ అంతే, నేను ఉల్లిపాయలు తరుగుతుంటే చేతిలో కత్తి లాక్కుని తనే తరిగేస్తుంది. అలాంటి మనిషిని నర్సింగ్ కాలేజీ వాళ్లు ఆన్‌లైన్‌లో నాయకత్వం పాఠాలు చెప్పమన్నారు. భోజనాల బల్ల మీద లాప్‌టాప్, బల్ల చుట్టూ అక్క. చూసే నాకే కళ్లు తిరిగేవి.

"అర్థమైందా?" అని అడిగితే ఇరవై రెండు గొంతులు "సరే మేడమ్" అనేవి. ఆ మాట వింటే అక్కకు ఒళ్లు మండేది.

"సోమవారం నుంచి వీళ్లు వార్డుల్లో ఉంటారే! పెద్దవాళ్లు తప్పు చెప్పినా తలూపి ఇంజెక్షన్ పొడిచేస్తారు. ఒక్కరికైనా 'ఆగండి' అనే నోరు రావద్దూ?" అని నా మీద విరుచుకుపడింది, ఆ నోళ్లకు నేనేదో తాళాలు వేసినట్టు.

"నువ్వు మాట్లాడనిస్తేగా అక్కా," అన్నాను. ఒక్క చూపుతో నా నోరూ మూయించింది.

శనివారం చివరి క్లాసు. ఆరు బెడ్ల వార్డు ఉందనుకుని, ఎవరికి ఏ పని అప్పగించాలో తేల్చాలి. కేసుల కాగితం అందరికీ ముందే పంపింది. నడుస్తూనే చదువుతోంది.

"మూడో బెడ్ పాపకి పెన్సిలిన్. ఎవరిస్తారు?"

"సరే మేడమ్, నేనిస్తాను."

"ఆగండి మేడమ్."

సన్నటి గొంతు. హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో క్లాసు వినే అమ్మాయి. నాలుగు వారాల్లో ఆ పిల్ల విడిగా నోరు విప్పడం ఇదే మొదలు. "మూడో బెడ్ పాపకి పెన్సిలిన్ పడదని రాసుంది. అది నాలుగో బెడ్‌కి కదా మేడమ్?"

అక్క నిలబడిపోయింది. కళ్లజోడు పెట్టుకుని కాగితం చూసింది. వరస తప్పి చదివింది. ముఖం పాలిపోయింది.

"మమ్మల్ని పరీక్షించారా మేడమ్?" అంది ఇంకో అమ్మాయి. ఔననేస్తే సరిపోయేది. నేనైతే అనేసేదాన్ని.

"లేదమ్మా. నేనే తప్పు చదివాను. ఇది నిజం వార్డైతే పాప ప్రాణం మీదికొచ్చేది."

తర్వాత మరో గొంతు భయంభయంగా వినిపించింది.

"మేడమ్... పోయిన వారం కూడా ఒక డోసు తప్పు చెప్పారు. మా అందరికీ తెలుసు. ఊరుకున్నాం."

అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. పెన్ను మూత తీసింది.

"చెప్పమ్మా," అంది. "ఏ డోసు?"