మా తమ్ముడు చిక్కిన రోజు

మొన్న నా వీక్లీ ఆఫ్ మొత్తం పోలీస్ స్టేషన్ల బల్ల మీదనే గడిచింది. నవ్వకున్రి, జర ఇనున్రి!

మాది ఉప్పల్. మా పై పోర్షన్‌ల గుంటూరు ఆంటీ ఉంటది, అంకుల్ రైల్వేల చేసి రిటైరయిండు. పొద్దున పదింటికి ఆంటీ కూరగాయల సంచితోని వచ్చి నన్ను ఆపింది.

"నర్సింహా, పొద్దున్నే పాలకెళ్తూ మీ తమ్ముణ్ణి రింగురోడ్డు దగ్గర చూశానయ్యా. పాపం, బాగా చిక్కిపోయాడు!"

మా శీనుగాడు పీర్జాదిగూడల రూమ్ తీసుకొని ఉంటడు. లైసెన్స్ లేదు గని దోస్తుల బండి కనవడితే ఇడువడు. మా దిక్కు చిక్కిండంటే దొరికిండనే!

"అయ్యో, ఎట్ల ఆంటీ?"

"వయసులో ఉన్న కుర్రాడు, అడిగేవాళ్లు లేకపోతే అంతేగా! నువ్వే వెళ్లి ఏదో ఒకటి చెయ్యాలి."

శీనుకు ఫోన్ కొట్టిన. స్విచ్ ఆఫ్! ఇంకేమున్నది, పోలీసోళ్లు ఫోన్ గుంజుకున్నరు. లుంగీ ఇడిసి ప్యాంటు ఏసుకున్న. "ఫికర్ చెయ్యకు, నేను మాట్లాడితే పది నిమిషాల్ల ఇడుస్తరు" అని మా ఆమెకు ధైర్యం చెప్పి, బండి కిక్కు కొట్టిన.

స్టేషన్ల హెడ్ కానిస్టేబుల్ ముందట నిలవడి షురూ చేసిన. "సార్, మా తమ్ముడు తప్పు జేసిండు. లైసెన్స్ లేకుంట బండి నడిపిండు. గీసారికి ఇడిసిపెట్టున్రి."

ఆయన నన్ను కిందికి మీదికి చూసిండు. "పొద్దటి సంది ఎవ్వర్ని పట్టలే. ఎవడు నీ తమ్ముడు?"

అడగకముందే తమ్ముణ్ణి నేనే పట్టిచ్చిన!

"నువ్వెట్ల వచ్చినవ్?"

"బండి మీద, సార్."

"నీ లైసెన్స్ తియ్యి."

జేబుల చెయ్యి పెట్టిన. పర్స్ నిన్నటి ప్యాంటుల ఉండిపోయింది.

"కూసో," అన్నడు.

ఇంటికి ఫోన్ చేస్తే మా ఆమె ఆంటీకి ఇచ్చింది. "స్టేషన్‌కి ఎందుకెళ్లావయ్యా? చిక్కిపోయాడంటే సన్నబడ్డాడని! ఇంటికి పిలిచి నాలుగు రోజులు తిండి పెట్టమన్నాను!"

ఆంటీ గొంతు మస్తు పెద్దది. హెడ్డు సారు చాయ్ పొలమారేదాక నవ్విండు. లైసెన్స్ చూపెట్టేదాక మాత్రం కదలనియ్యలే.

డ్యూటీల ఫోన్ బంద్ పెట్టే శీనుగాడు రెండింటికి నాచారంల డ్యూటీ దిగి, ఫోన్ ఆన్ చేసి, మా ఆమె చెప్తే మా ఇంటికి పోయి, పర్స్ పట్టుకొని ఆటోల వచ్చిండు. నిజంగనే బక్కగయిండు, చెంపలు లోపలికి పోయినయ్.

"ఏం కేసన్నా?" అన్నడు భయంభయంగ.

"తెలుగు రాని కేసురా. నడువ్, అన్నం తిందాం."