రెండో కాపీ

మొన్న సోమవారం పొద్దున మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఒక వాక్యం వచ్చింది: "మన ఫుకట్ సారు గుండె ఆగి పోయిండు." ఫుకట్ అంటే ఊరికే వచ్చేది; చనిపోయాక కూడా ఆ పేరు ఆయనను వదల్లేదు. కింద నాలుగు దండాలు. ఆ తర్వాత ఒకరు, "ఇగ మన సిస్టంలు ఎవరు చూస్తరు?" నేను కూడా ఒక దండం పెట్టి క్లాసు చెప్పడానికి పోయాను.

జనగామ స్టేషన్ రోడ్డులో, జిరాక్స్ షాపు మీది గదిలో సారు కంప్యూటర్ నేర్పేవారు. జనం పారేసే పాత మెషిన్లు తెచ్చి, డబ్బులు అక్కర్లేని లినక్స్ వేసి, మళ్లీ నడిపించేవారు. నర్మెట్ట నుంచి వచ్చే ఆడపిల్లలు లిబ్రె ఆఫీస్‌లో తెలుగు టైపు నేర్చుకున్నది అక్కడే. విండోస్ దొంగ కాపీలు వేసుకునేవాళ్లంటే ఆయనకు పడేది కాదు. "దొంగ తాళంచెవితోని సొంతిల్లు తెరుచుకునుడేంది బేటా?" అనేవారు.

"అన్నీ ఫుకట్‌గ ఇస్తే మీకేమొస్తది సార్?" అని ఒకసారి అడిగాను.

"ఫుకట్ గాదు బేటా, ఆజాద్. అంటే స్వేచ్ఛ. ఫుకట్‌ది ఇచ్చినోడే గుంజుకుంటడు. ఆజాద్‌ది ఎవడు గుంజుకుంటడు?"

ఆ మాటను స్టాఫ్‌రూంలో ఆయన గొంతుతోనే అని చూపించాను. అందరూ పడిపడి నవ్వారు. ఫుకట్ సారు అనే పేరు అప్పటికే ఉందా, ఆ రోజు నావల్లే వచ్చిందా? ఉందనే అనుకుంటాను. గట్టిగా చెప్పలేను.

నా హార్డ్‌డిస్క్ పాడై పీహెచ్‌డీ అధ్యాయాలు పోయినప్పుడు మూడు రోజులు కూర్చుని తీసిచ్చింది ఆయనే. పోయిన ఫైళ్లను వెతికే ప్రోగ్రాం ఎట్లా నడపాలో కాగితం మీద రాసిచ్చారు. "పేర్లు దొరకయ్. అంకెలొస్తయ్. ఒక్కొక్కటి తెరిచి చూసుకోవాలె. జర సబర్ చెయ్యి." ఈ రోజు నా పేరు ముందున్న డాక్టర్ అనే మాట ఆయన పెట్టిన భిక్షే.

భార్య పోయాక ఆయన ఒక పచ్చ పెన్‌డ్రైవ్ తెచ్చిచ్చారు. పెళ్లిళ్లలో ఆమె పాడిన ఢోలక్ పాటలు. ఆడాసిటీ అనే సౌండు ప్రోగ్రాం ముందు కూర్చుని, ఫ్యాను చప్పుడు తీసేసి, గొంతు మాత్రం మిగుల్చుకున్నారు. "రెండో కాపీ కూడ అదే ఇంట్ల ఉంటే అది కాపీ గాదు. నీ దగ్గర ఉండనీ."

డ్రాయర్లో పడేశాను. ఏడాది తర్వాత భూపాలపల్లిలో పెళ్లికి కారులో పోయే ముందు పాటలకని ఆ పెన్‌డ్రైవే తీశాను. నా కంప్యూటర్ అడిగింది: ఫార్మాట్ చేయమంటారా? లినక్స్ పద్ధతిలో రాసినదాన్ని విండోస్ చదవలేదు, చదవలేనిదాన్ని ఇట్లా తుడవమంటుంది. ఈ సంగతి సారు ప్రతి క్లాసులో చెప్పేవారు. "ఎన్నిసార్లడిగినా అవునని అనొద్దు." ఇది ఎవరిదో మరిచిపోయాననే నాకు నేను చెప్పుకుంటున్నాను. అవును అని నొక్కాను. నిండా సినిమా పాటలు ఎక్కించాను.

మూడో రోజు జియారత్ అయిన మర్నాడు మహబూబాబాద్‌లో ఉండే ఆయన కూతురు మా ఇంటికి వచ్చింది.

"అక్కా, మా అబ్బా కంప్యూటర్ తెరుచుకుంటలేదు. పాస్‌వర్డ్ ఎవలకు చెప్పలే. అమ్మీ పాటలు మీ దగ్గర ఇంకొక కాపీ ఉందన్నడు."

జరిగింది చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అబ్బా ప్రోగ్రాంతోని వెతకొచ్చు గదా అక్కా," అంది. "మీకు నేర్పిండు గదా."

ఆయన రాసిచ్చిన కాగితం ముందు పెట్టుకుని ఆ పచ్చ పెన్‌డ్రైవ్‌లో వెతికించాను. సాయంత్రానికి అంకెల పేర్లతో ఫైళ్లు వరుసగా వచ్చాయి. మొదటిది తెరిస్తే సినిమా పాట. రెండోదీ అదే. ఐదోదాన్ని మధ్యలో ఆపబోతే ఆమె నా చేయి పట్టుకుంది.

"ఉండనీ అక్కా. వెనక అమ్మీ ఉండొచ్చు."

నా కారు పాటలన్నీ అట్లా ఒక్కొక్కటి చివరిదాకా విన్నది, చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ. పాట అయిపోయిన ప్రతిసారీ, తర్వాతది మొదలయ్యేలోపు, స్పీకర్ దగ్గరికి చెవి వంచింది.