జవాబు వచ్చేదాకా కదలని మనిషి

మా కాక పోయాడు. పోయిన మంగళవారం పొద్దున, ఊరి దారికి అడ్డంగా బొగ్గు లారీ నిలిపిన డ్రైవరు కాలర్ పట్టుకుని తిడుతూ తిడుతూనే కుప్పకూలాడట. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. అమ్మ ఫోన్ చేసి "కాక పోయిండే బిడ్డా" అని ఒక్క మాట అని ఏడ్చింది. కొంచెం తేరుకున్నాక, "కాలర్ మాత్రం ఇడ్వలేదట. ఇద్దరు కలిసి వేళ్లు ఊడదీసిన్రట" అంది. ఏడుస్తున్న నాకు నవ్వొచ్చింది. ఆ చేతికి ఉన్నవే మూడు వేళ్లు.

వాట్సాప్‌లో ఊరివాళ్లందరూ ఆత్మశాంతి సందేశాలు పెడుతున్నారు. ఆయనకూ శాంతికీ ఎప్పుడూ పడలేదు. కోపం వస్తే ముందు చెయ్యి లేచేది, మాట తర్వాత వచ్చేది. కిరాణా కొట్టు దగ్గర, పంచాయతీ ఆఫీసులో, పెళ్లి పందిట్లో ఆయన ఎవరో ఒకరిని కొట్టని ఏడాది నాకు గుర్తులేదు. ఆయన్ని సాధువులా రాస్తే లేచి వచ్చి నన్నూ తంతాడు. అందుకని ఉన్నది ఉన్నట్టే రాస్తాను.

కాక నాకు రక్తసంబంధం కాదు, పక్కింటివాడు. గోదావరిఖని దాటాక ఓపెన్‌కాస్టు గని అంచున ఉన్న ఊరు మాది. ఆయన ముప్పై ఏళ్లు భూగర్భ గనిలో షాట్‌ఫైరర్‌గా చేశాడు. అంటే బొగ్గులో వేసిన రంధ్రాల్లో మందు కూరి పేల్చే మనిషి. డిటోనేటర్ ఒకటి చేతిలోనే పేలి కుడిచేతి వేళ్లు రెండు ఎగిరిపోయాయి. భార్య చనిపోయింది, పిల్లలు లేరు. రిటైరయ్యాక కంపెనీ క్వార్టరు వదిలి మా ఊళ్లో రేకుల ఇల్లు వేసుకున్నాడు. మా వాకిలికీ ఆయన వాకిలికీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే.

మా ఊళ్లో రోజూ మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో సైరన్ మోగుతుంది. బొగ్గు మీది మట్టి పొరల్ని పేల్చబోతున్నారని దాని అర్థం. నా చిన్నప్పుడు ఒకరోజు ఆ అదురుకు దూలం, రేకులు కలిసి ఒక అవ్వ మీద కూలాయి. తల పగిలి ఆమె అక్కడికక్కడే పోయింది. అప్పటినుంచి సైరన్ వినపడితే చేతిలో పని వదిలేసి ఊరంతా వాకిట్లోకి వస్తుంది. తినేవాళ్లు ఎంగిలి చేత్తోనే వస్తారు, బాలింతలు పిల్లల్ని ఎత్తుకుని వస్తారు. కాక ఒక్కడే మంచం కింద దూరి అక్కణ్నుంచి అరిచేవాడు. "రాళ్లు పైనుంచి పడ్తయిరా! నెత్తులు పలుగుతయి! బయట నిలబడేటోడు పిచ్చోడు! లోపటికి పోయి మంచాల కింద దూరున్రి!" ఎవరూ వినేవారు కాదు. రాయి ఏడాదికోసారి వస్తుంది, ఇల్లు రోజూ ఊగుతుంది మరి.

హాస్టలుకు పంపడానికి బాపు ఒప్పుకోకపోతే డిగ్రీ దూరవిద్యలో చేరాను. పాఠాల వీడియోలు, సందేహాలు రాసే చోటు, సాయంత్రం ఆరింటికి ఆన్‌లైన్‌లో లెక్కలు మళ్లీ మళ్లీ చెప్పే సారు. ఆ సారు ముఖం చూడలేదు గానీ, ఆయన లేకపోతే మొదటి ఏడాదే మానేసేదాన్ని. చివరి పరీక్ష ఒక్కటి మిగిలింది. ఇంట్లోనే, లాప్‌టాప్ కెమెరా ముందు రాయాలి. ముందుగా ఫొటోలు పంపి నమోదు చేసుకున్న గదిలోనే రాయాలి. గదిలో ఇంకొకరు ఉండకూడదు, మనిషి గొంతు వినపడకూడదు, కెమెరా ముందు నుంచి కదలకూడదు. అంతకుముందు పరీక్షలన్నీ పొద్దున పడ్డాయి, ఇది మాత్రం మధ్యాహ్నం రెండు గంటలకు ఇచ్చారు. పాసైతేనే పై చదువు, లేదంటే చదువు బంద్ అని బాపు ముందే చెప్పేశాడు.

సగం పేపరు రాశాక సైరన్ మోగింది. లేవాలని నేను అనుకోలేదు, కాళ్లే లేచాయి. ఊరందరితో పాటు వాకిట్లో నిలబడి, చేతిలో పెన్ను చూసుకున్నాకే నేను ఎక్కడున్నానో తెలిసింది. లోపలికి ఉరికేసరికి తెర మీద ఎర్ర అక్షరాలు. కెమెరా ముందు నుంచి వెళ్లినందుకు పరీక్ష రద్దు, కాపీ చేసినట్టు అనుమానం, ఇకముందు రాయనివ్వాలా వద్దా అనేది కమిటీ తేలుస్తుంది.

సాయంత్రం సంగతి విని బాపు నన్ను కొట్టాడు. తల తలుపుచెక్కకు తగిలింది. రెండోసారి జుట్టు పట్టుకుని లాగాడు. అమ్మ అడ్డం వస్తే ఆమెనూ కొట్టాడు. తర్వాత లాప్‌టాప్ ఎత్తి నేలకేసి కొట్టబోతుంటే కాక గోడ దూకాడు.

"ముందుగాల దాన్ని కింద పెట్టు."

"నా ఇల్లు, నా బిడ్డ. నడుమ నువ్వెవనివి?"

కాక మూడు వేళ్ల పిడికిలితో ముఖం మీద గుద్దాడు. ఇద్దరూ వాకిట్లో దొర్లారు. బాపు ముక్కులోంచి రక్తం అంగీ మీదికి కారింది. చూస్తున్న నాకు బాధ కలగలేదు, ఇంకొకటి తగిలితే బాగుండు అనిపించింది. కన్నతండ్రి గురించి ఇలా రాయకూడదేమో, కానీ అనిపించింది నిజం. కాక లేచి దుమ్ము దులుపుకుని లాప్‌టాప్ చంకలో పెట్టుకున్నాడు. "నడువు. వాళ్లకు రాద్దాం" అన్నాడు.

విశ్వవిద్యాలయం సైటులో సహాయ కేంద్రం అని ఒక పేజీ ఉంది. పాస్‌వర్డ్ మర్చిపోయినప్పుడు తప్ప నేను ఎప్పుడూ అటు పోలేదు. జరిగింది రాశాను. వెంటనే జవాబు వచ్చింది: "మీ సమస్య మాకు అర్థమైంది. పరీక్ష నియమాల కోసం ఈ పేజీ చూడండి." కాక మళ్లీ రాయమన్నాడు. అదే జవాబు. మూడోసారీ అక్షరం పొల్లుపోకుండా అదే వచ్చేసరికి బల్ల మీద గుద్దాడు.

"ఎవడే వీడు? వీని ఇల్లెక్కడ?"

"మనిషి కాదు కాక, మిషిని. దానంతట అదే రాస్తది."

"గింతసేపు మిషినికి మొర పెట్టుకుంటున్నమా? మనిషిని పిలువు!"

మనిషి కావాలంటే దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూడాలి. పెట్టాను. వారం గడిచింది, రెండో వారం గడిచింది. బాపు కొట్టడం మానాడు గానీ, నా ముఖం చూడటం కూడా మానాడు. "ఇడ్చిపెడదాం కాక, జవాబు రాదు" అన్నాను. చెంప మీద కొడతాడనే అనుకున్నాను. చెయ్యి లేచి మధ్యలో ఆగింది. అప్పుడు చెప్పాడు, అంతకుముందు ఎవరికీ చెప్పని సంగతి.

మందు కూరిన రంధ్రాల్లో ఒక్కోసారి ఒకటి పేలకుండా ఉండిపోతుంది. మిస్‌ఫైర్ అంటారు. అక్కడ గుర్తు పెట్టి, పుస్తకంలో రాసి, తర్వాతి షిఫ్టు వాళ్లకు చెప్పి పైకి రావాలి. ఒకరోజు ఇంటికి చుట్టాలొచ్చారని కాక పుస్తకంలో రాసి, ఎవరి కోసమూ ఆగకుండా వచ్చేశాడు. తర్వాతి షిఫ్టులో దిగిన ఆయన దోస్తు సరిగ్గా అక్కడే డ్రిల్లు పెట్టాడు.

"మనిషిని గోనెసంచిల తెచ్చిన్రు. మొఖం లేదు. బూట్లు చూసి గుర్తువట్టిన. నేను రాసిన్నే బిడ్డా, పుస్తకంల రాసిన. రాస్తే ఏమైతది? ఆడు సదివిండా లేదా అని చూసేదాంక నేను అక్కడ్నే ఉండాలె. ఉండలే." లాప్‌టాప్ నా వైపు జరిపి, "నీది కూడ అట్లనే ఇడ్చిపెట్టి వస్తనా? ఫోన్ నంబరు తియ్యి" అన్నాడు.

ఆ మర్నాటి నుంచి రోజూ మా వాకిట్లో కూర్చుని సహాయ కేంద్రానికి ఫోన్ చేసేవాడు. లైను కలవకపోతే ఫోన్‌ను తిట్టేవాడు, కలిసి పాట వినిపిస్తే పాటను తిట్టేవాడు. ఒక మధ్యాహ్నం కౌన్సెలర్ మేడం ఒకామె ఎత్తింది. అంతా విని, "సైరన్ మోగితే పరీక్ష వదిలి వెళ్లడం ఎందుకండీ?" అంది. ఎగతాళి లేదు, పాపం తెలియకే అడిగింది. కాక గడియారం చూశాడు.

"మేడం, ఫోన్ పెట్టకు. ఇంకో పది నిమిషాలుండు. నేను చెప్పుడెందుకు, నువ్వే ఇను."

ఆమె పెట్టలేదు. ఆ పది నిమిషాలూ నాతో మాట్లాడింది. తిన్నావా అంది. ఇంట్లో ఎవరైనా కొట్టారా అంది. నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె. చెప్పేశాను. చెబుతుండగానే సైరన్ మోగింది. కాక ఫోన్ కిటికీలో పెట్టాడు. నేల కింద నుంచి దెబ్బ తగిలినట్టు ఇల్లు ఎగిరింది. రేకులు దడదడలాడాయి, అల్మారాలోంచి గిన్నెలు రాలాయి, ఎవరింట్లోనో పసిపిల్ల గుక్కపట్టింది. దుమ్ము సర్దుకున్నాక ఫోన్‌లోంచి సన్నగా వినపడింది. "హలో... మీరందరూ బాగున్నారా? రోజూ ఇంతేనా?"

"రోజు ఇంతే మేడం" అన్నాడు కాక.

ఆ రోజు నుంచి పని నడిచింది. ఏ కాగితాలు పెట్టాలో, ఎక్కడ పెట్టాలో ఆమే చెప్పింది. పేలుడు వేళల నోటీసు, గోడల పగుళ్ల ఫొటోలు, మూడు వేళ్లతో కాక రాసిన ఉత్తరం పంపాము. వారానికి రెండుసార్లు ఫోన్ చేసి నేను ఎలా ఉన్నానో కనుక్కునేది. కమిటీ నా మీద పడ్డ అనుమానం కొట్టేసి, మళ్లీ రాయమంది. గది అదే, వేళ అదే. వేళ మార్చడం ఆమె చేతిలో కూడా లేదు.

ఇప్పుడు నేను పనిచేసేది ఆ సహాయ కేంద్రంలోనే. ఆదిలాబాద్ నుంచి, కాసిపేట నుంచి, ఎక్కడెక్కడి నుంచో పిల్లలు రాస్తారు. ఫీజు రసీదు రాలేదని, వీడియో తెరుచుకోవడం లేదని, చచ్చిపోవాలని ఉందని. మూడూ ఒకే పెట్టెలోకి వస్తాయి, ఒకే రకం అక్షరాల్లో. జవాబు పంపేసి సమస్య తీరిందని నొక్కేస్తే నా లెక్కలో పని అయిపోతుంది. నేను నొక్కను. ఫోన్ చేసి, చదివావా, అర్థమైందా అని అడుగుతాను. నేను మెల్లగా పనిచేస్తానని పైవాళ్లకు కోపం. వాళ్లకు కాక సంగతి చెప్పినా అర్థం కాదు.

ఆ రెండో పరీక్ష సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాను.

ముందురోజు కాక గనిలో మట్టి పేల్చే కాంట్రాక్టరు ఆఫీసుకు వెళ్లి, ఒక్క రోజు గంట ఆలస్యంగా పేల్చమని అడిగాడు. వాళ్లు నవ్వారు. ఆయన ఒకడి గొంతు పట్టుకున్నాడు. నలుగురు కలిసి గేటు బయట పడేసి తన్నారు. చిరిగిన అంగీతో, వాచిన పెదవితో వచ్చి, "నువ్వు ఫికర్ చెయ్యకు. రేపు బయటి నుంచి గొళ్లెం నేను పెడత. నీ కాళ్లు లేచినా తలుపు రాదు. ఇల్లు కూలేతట్టుంటే నేనే తీస్త. తలుపు కాడనే ఉంట" అన్నాడు.

రెండింటికి గొళ్లెం పడింది. రాయడం మొదలుపెట్టాను. సైరన్ మోగింది. కాళ్లు లేవబోయాయి, కుర్చీ కోళ్లకు మడమలు మెలివేసి కూర్చున్నాను. పేలింది. ఎప్పటికన్నా గట్టిగా పేలింది. రేకుల మీద రాళ్లు టపటపా పడ్డాయి, తలుపుకు ఏదో బలంగా తగిలింది. తర్వాత బయట అంతా నిశ్శబ్దం. మామూలుగా పేలుడు అయ్యాక ఊరంతా ఒకటే మాటలు, కాక తిట్లు. ఆ రోజు ఒక్క గొంతూ లేదు. నా అదృష్టం అనుకుని రాసుకున్నాను. మూడుంబావుకు అయిపోయింది. లేచి తలుపు తట్టాను.

"కాక, అయిపోయింది. తియ్యి."

"సబ్మిట్ కొట్టినవా?"

"కొట్టిన."

"అందిందని వచ్చిందా వాళ్ల నుంచి? చూసినవా?"

చూడలేదు. వెనక్కి వెళ్లి చూశాను. మీ జవాబు పత్రం మాకు అందింది అని ఉంది. గట్టిగా చదివి వినిపించాను. అప్పుడు గొళ్లెం కదిలింది. జారుతున్నట్టు రెండు మూడుసార్లు ఆగి ఆగి వచ్చింది.

తలుపు తెరిచేసరికి కాక గడప మీద కూర్చుని ఉన్నాడు. నెత్తి మీద అమ్మ చీర ముక్క, దాన్ని దాటి చెవి మీదుగా, మెడ మీదుగా, అంగీ అంతా రక్తం. పక్కన పిడికెడంత రాయి. దవాఖానకు పోదామని తెచ్చిన ఆటో వాకిట్లో నిలబడి ఉంది, ఎక్కనని చేత్తో సైగ చేశాడట. అమ్మ, బాపు, గల్లీ మొత్తం ఆయన చుట్టూ నిలబడి ఉన్నారు. ముప్పావు గంట నుంచి అందరూ చేతులతో నోళ్లు మూసుకునే ఉన్నారు, చిన్న పిల్లలు కూడా. లోపల కెమెరాకు చప్పుడు వినపడకూడదని ఆయన పెదవుల మీద వేలు పెట్టి చూపించాడట. అమ్మ భుజాలు అదురుతున్నాయి గానీ గొంతు రావడం లేదు.

కాక నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. తర్వాత వాళ్ల వైపు తిరిగాడు.

"అయిపోయింది" అన్నాడు. "ఇగ ఏడ్వున్రి."