మానిటర్ మీద చీటీ

ఆ యూనిఫాంల ఫ్యాక్టరీలో వైర్ల బాబాయ్ అంటే తెలియనివాళ్ళు లేరు. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడదు. పదిహేనేళ్ళ కిందట గోడలకు కన్నాలు పెట్టి కంప్యూటర్ వైర్లు లాగే కూలీగా లోపలికి వచ్చాడు. లాగిన వైరు చివర ఏముందో చూద్దామని మొదలుపెట్టి, విప్పి, బిగించి, మళ్ళీ విప్పి, చివరికి అక్కడి కంప్యూటర్లన్నిటికీ వైద్యుడైపోయాడు. చదువు మాత్రం ఏడో తరగతి దగ్గరే ఆగింది. అందుకేనేమో, ఏ మిషన్ బాగుపడినా దానంతటదే బాగుపడిందనుకుంటాడు. ఏ మిషన్ పాడైనా తన చెయ్యి పడే పాడైందనుకుంటాడు.

పొద్దున్న తొమ్మిది కాకముందే ఫోన్లు మొదలు. "బాబాయ్, ప్రింటర్ చచ్చిపోయింది." మూడంతస్తులెక్కి వెళ్ళి చూస్తే అందులో కాగితం ఉండదు. "బాబాయ్, కీబోర్డుకి పిచ్చిపట్టింది, ఒకటే అక్షరం కొడుతోంది." వెళ్ళి చూస్తే కీ మీద టిఫిన్ డబ్బా మూత ఉంటుంది. మూత తీసి కిందికి దిగేలోపు ఇంకో ఫోను. "బాబాయ్, నిన్న నువ్వు ముట్టుకున్నప్పటి నుంచే ఇలా అవుతోంది." ఇదిగో, ఈ మాటే అతనికి ముద్ద దిగనివ్వదు.

ఇంటికెళ్తే అక్కడా అంతే. "లోకంలో మిషన్లన్నీ బాగుచేస్తారు, మన మిక్సీ మూడు వారాల నుంచి మూలుగుతోంది" అంటుంది భార్య.

"అది కంప్యూటర్ కాదే."

"అవునులెండి. దానికి ఫోన్ చేసి తిట్టడం రాదు పాపం."

ఇన్ని చిరాకుల్లో అతను నవ్వుకునే సంగతి ఒకటే. మిషన్ ఆపి మళ్ళీ వెయ్యమంటే సగం మంది మానిటర్ బటన్ నొక్కి, వేశాం, అయినా బాగవలేదు అంటారు. స్టోర్ గుమాస్తా అయితే రెండేళ్ళు అలాగే చేశాడు. "నాయనా, నువ్వు నొక్కేది మొహం. బుర్ర కింద ఉంది" అని బల్ల కింద సీపీయూ చూపించి పదిమందిలో నవ్వాడు బాబాయ్. ఆ మాట ఫ్యాక్టరీ అంతా పాకింది. మొహం వేరు, బుర్ర వేరు అనేది అక్కడ సామెత అయిపోయింది.

అలా ఎప్పుడూ నవ్వులపాలు కానిది ఒక్క కటింగ్ మాస్టరమ్మే. ఏభై దాటిన మనిషి. బట్ట మీద సుద్ద గీత గీస్తే మళ్ళీ చెరిపే పని ఉండదు. ఆవిడని బాబాయ్ అక్కా అంటాడు. ఆవిడ తమ్ముడూ అంటుంది. తొమ్మిదేళ్ళ కిందట ఆవిడ గదిలో కంప్యూటర్ పెట్టినప్పుడు, అప్పటిదాకా గోడకు వేలాడుతున్న, బట్ట మీద పెట్టి గీసుకునే అట్ట ప్యాటర్న్‌లన్నీ అందులోకి ఎక్కించారు. మెడలు, భుజాలు, చేతులు, జేబులు, ఒక్కోటి ఎనిమిదేసి సైజుల్లో. "ఇంక ఈ అట్టలు దేనికక్కా, చెదలు పెంచడానికా? ఇందులో భద్రంగా ఉంటాయి" అన్నాడు బాబాయ్. ఆవిడ వాటి వంక ఒకసారి చూసి, సరేనని పారేయించింది. ఆ తర్వాత గీసినవన్నీ కంప్యూటర్‌లోనే గీసింది.

ఆ భద్రం కోసమే రోజూ సాయంత్రం ఐదింటికి ఆవిడ మిషన్‌లోవన్నీ తన గదిలోని పెద్ద మిషన్‌లోకి కాపీ అయ్యేట్టు పెట్టాడు. ఆ వేళకు ఆవిడ మిషన్ నత్తలా నడిచేది. ఆవిడ పోరు పడలేక రెండు నెలల కిందట, "ఆపేశానక్కా" అని అబద్ధం చెప్పి, ఆ కాపీని మధ్యాహ్నం ఒకటింబావుకి మార్చాడు. అప్పుడు భోజనాల వేళ, ఆవిడ ఉండదు. "చూశావా, ఇప్పుడెంత చురుగ్గా ఉందో" అని ఆవిడ మెచ్చుకుంది కూడా.

మార్చిన వారానికి అతనికి ఒక సంగతి తట్టింది. మాస్టరమ్మ రోజూ ఒంటిగంటకు భోజనానికి వెళ్తూ, అతని గది ముందు నుంచి, "ఆపేశాను తమ్ముడూ, కరెంటు దండగ" అని చెప్పి మరీ వెళ్తుంది. ఆగిపోయిన మిషన్ కాపీ ఎలా ఇస్తుంది? రేపు వేళ మార్చాలి అని జేబులోని చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. రేపంటే ప్రింటర్, ఎల్లుండంటే కీబోర్డు. పుస్తకంలో రాసింది పుస్తకంలోనే ఉండిపోయింది.

ఇలా ఉండగా ఆ శనివారం గదులకు రంగులు వేస్తామన్నారు. స్టోర్‌లోని కంప్యూటర్, మాస్టరమ్మ కంప్యూటర్ రెండూ సాయంత్రం బాబాయ్ గదికి చేర్చాలి. ఆ రెండు సీపీయూలూ ఒకే రోజు కొన్నవి. రెండూ నల్లవి, రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. స్టోర్ గుమాస్తాకి కొత్త మిషన్ వచ్చింది కాబట్టి పాతదాన్ని ఖాళీ చేసి కుట్టు విభాగానికి ఇవ్వాలి. అందులోవన్నీ బాబాయ్ ముందే కాపీ తీసి, "కాపీ అయింది, ఫార్మాట్ కొట్టొచ్చు" అని చీటీ రాసి, కంటికి ఎదురుగా ఉంటుందని మానిటర్ అంచుకి అంటించి ఇంటికెళ్ళాడు.

సోమవారం పొద్దున్న ఏడున్నరకే వచ్చాడు. రంగు వాసన ముక్కులు అదరగొడుతోంది. అతని గదిలో రెండు సీపీయూలు, వాటి మీద రెండు మానిటర్లు పద్ధతిగా కూర్చుని ఉన్నాయి. ఒకదానికి చీటీ ఉంది. రెండోదాని చట్రానికి ఎర్ర గుండీ అంటించి ఉంది. అది మాస్టరమ్మ గుర్తు. ఇంకేం కావాలి? చీటీ ఉన్నదానికి, లోపలేముందో తెరిచి చూడకుండానే, ఫార్మాట్ కొట్టాడు. గుండీ ఉన్న జతని మోసుకెళ్ళి, మానిటర్ మాస్టరమ్మ బల్ల మీద, సీపీయూ బల్ల కింద పెట్టి, వైర్లు బిగించి, ఆన్ చేశాడు.

తెర మీద ఫొటోలో స్టోర్ గుమాస్తా కూతురు నవ్వుతూ కనిపించింది. ముందు రెండు పళ్ళు లేవు.

బాబాయ్ ఆపి మళ్ళీ వేశాడు. మళ్ళీ అదే పిల్ల, అదే నవ్వు. మానిటర్ మాస్టరమ్మదే. కింద ఉన్న సీపీయూ గుమాస్తాది. అంటే ఇందాక తను చేతులారా ఖాళీ చేసింది తొమ్మిదేళ్ళ ప్యాటర్న్‌లని.

అక్కడే నేల మీద కూలబడ్డాడు. పెద్ద మిషన్‌లో కాపీ ఉంటుందేమో అని ఒక్క క్షణం ఆశ పుట్టింది. ఆ వెంటనే, ఆపేశాను తమ్ముడూ, కరెంటు దండగ అన్న మాట చెవిలో మోగింది. రెండు నెలల కిందటి కాపీ ఉన్నా, ఆ తర్వాత గీసిన ఆస్పత్రి బట్టల ప్యాటర్న్‌లు ఉండవు. పదకొండింటికి కోత మొదలుపెట్టాల్సింది వాటితోనే. అసలు ఆ పాత కాపీ అయినా సరిగా ఉందని నమ్మకమేమిటి? ఒక్కనాడైనా తెరిచి చూశాడా? ఇప్పుడు వెళ్ళి చూడ్డానికీ ధైర్యం చాల్లేదు. ఏడో తరగతి చదువుకి ఇంతకంటే ఏం వస్తుంది, కన్నాలు పెట్టుకునేవాడివి కన్నాలు పెట్టుకోక, అని తనని తనే తిట్టుకున్నాడు.

తొమ్మిదింటికి మాస్టరమ్మ వచ్చింది. బ్యాగు కొక్కేనికి తగిలించి, కత్తెర తీసి బల్ల మీద పెట్టి, అతన్ని చూసింది.

"ఏంటి తమ్ముడూ, రంగు వాసన పడలేదా? మొహం అలా పాలిపోయింది."

ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన మాట ఒకటుంది. డిస్కు పోయింది అంటే చాలు, ఎవరూ మారు మాట్లాడరు. పాత మిషన్, కాలం తీరింది, ఎవరేం చేస్తారు? ఆ మాట అతని నాలుక చివరి దాకా వచ్చింది. అంతలో ఆవిడ వెనక, కొత్త రంగు వేసిన గోడ కనిపించింది. అట్టలు వేలాడిన మేకులు ఇంకా అలాగే ఉన్నాయి, వాటికీ రంగు వేసేశారు.

"అక్కా, నీ మిషన్‌కి ఫార్మాట్ కొట్టేశాను. లోపలున్నదంతా పోయింది."

"మిషన్ పాడైందా?"

"మిషన్ బాగానే ఉంది. నేనే పాడుచేశాను."

మాస్టరమ్మ కుర్చీలో కూర్చుంది. కాసేపు కత్తెర తెరిచింది, మూసింది, తెరిచింది.

"అట్టలు పారేయమన్నది కూడా నువ్వే."

"నేనే."

"పదకొండింటికి ఆస్పత్రివాళ్ళ బట్ట కొయ్యాలి. పదిమంది కత్తెరలు పట్టుకుని నిలబడతారు. వాళ్ళకి ఏం చెప్పను?"

ఈలోపు మాటలు విని స్టోర్ గుమాస్తా వచ్చాడు. విషయం తెలిశాక అతని మొహం కూడా వాడిపోయింది. "రంగులవాళ్ళు మానిటర్లూ సీపీయూలూ వేరువేరుగా నీ గదిలో పడేసి పోయారు బాబాయ్. చూడ్డానికి బాగోలేదని నేనే ఒక్కోదాని మీద ఒక్కోటి పెట్టాను. ఏదైతేనేం అనుకున్నాను" అన్నాడు.

"నీ తప్పేం లేదురా. చూసుకోవాల్సింది నేను."

మాస్టరమ్మకు ఉన్నట్టుండి ఏదో గుర్తొచ్చింది. "సాయంత్రం ఐదింటికి నా ప్రాణం తీసే కాపీ ఒకటుండేది కదా. అనవసరంగా ఆపమన్నాను."

"ఆపలేదక్కా. ఆపానని అబద్ధం చెప్పాను. ఒకటింబావుకి మార్చాను."

"నా మొహం మీదే అబద్ధమాడావా?"

"ఆడాను."

"మంచి పని చేశావు. ఇంకేం, ఉంటాయిగా మరి."

"ఉండవక్కా. ఆ వేళకి నువ్వు మిషన్ ఆపేసి వెళ్తావు. ఆగిన మిషన్ ఏం కాపీ ఇస్తుంది?"

ఆవిడ మొహంలో వచ్చిన వెలుగు వచ్చినట్టే పోయింది. "అవును. ఒక్కరోజు కూడా మర్చిపోలేదు" అంది నెమ్మదిగా. "నా పొదుపే నా కొంప ముంచిందన్నమాట. లేవడం, ఇదిగో ఇలా టప్పున నొక్కడం, వెళ్ళడం."

అంటూ చెయ్యి చాచి మానిటర్ కింది బటన్ నొక్కింది. తెర నల్లబడింది. గుమాస్తా కూతురు మాయమైంది.

బల్ల కింద సీపీయూ మాత్రం గుయ్యిమంటూనే ఉంది.

బాబాయ్ ఆ చప్పుడు వింటూ అలాగే నిలబడిపోయాడు. తర్వాత వంగి చూశాడు. ఆకుపచ్చ దీపం వెలుగుతోంది.

"అక్కా," అన్నాడు. "రోజూ ఇలాగేనా ఆపేది?"

"మరెలాగ? ఇంకోలా ఉందా?"

"తొమ్మిదేళ్ళ నుంచీ?"

"ఏం, నేనేమైనా తప్పు చేశానా? ఆ గుమాస్తాని చూసి నువ్వు పదిమందిలో అలా నవ్వాక, నాకేదైనా తెలియకపోయినా నిన్ను అడగబుద్ధి కాలేదు."

ఆ మాట అతనికి తగలాల్సిన చోటే తగిలింది. దాని సంగతి చూసుకునే తీరిక అప్పుడు లేదు. మెట్లు రెండేసి దిగాడు. వెనకే గుమాస్తా, ఆ వెనక మోకాళ్ళు పట్టుకుంటూ మాస్టరమ్మ. రంగు చుక్కలు పడకుండా పెద్ద మిషన్ మీద కప్పిన ప్లాస్టిక్ పట్టా లాగేసి ఆన్ చేశాడు. అది ముసలిది. లేవడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలూ ముగ్గురూ, ఆపరేషన్ గది బయట కూర్చున్న చుట్టాల్లా, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు.

ఫోల్డర్ తెరిచాడు. తేదీ చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. శనివారం, మధ్యాహ్నం ఒకటీ పదిహేను.

నమ్మకం చాలక ఒకటి తెరిచాడు. ఆస్పత్రి చొక్కా ముందు భాగం, ఎనిమిది సైజులూ, ఉల్లిపాయ పొరల్లా ఒకదాన్లో ఒకటి. ఇంకోటి తెరిచాడు. ఇంకోటి. నాలుగోది తెరవబోతుంటే మాస్టరమ్మ అతని భుజం మీద చెయ్యి వేసింది.

"చాల్లే తమ్ముడూ. ఉన్నాయి. ఊపిరి తీసుకో."

తీసుకున్నాడు. పొద్దున్న ఏడున్నర తర్వాత అదే మొదటి ఊపిరిలా అనిపించింది.

శనివారం మధ్యాహ్నం తర్వాత గీసిన ఒక్క చేతి ప్యాటర్న్ మాత్రం పోయింది. "పోతే పోనీ. ఆ చెయ్యి చంక దగ్గర ఎలాగూ పట్టేస్తోంది, మళ్ళీ గీస్తాను" అంది మాస్టరమ్మ. అన్నీ ఆవిడ మిషన్‌లోకి తిరిగి ఎక్కేసరికి పదకొండున్నర అయింది. కోత అరగంట ఆలస్యంగా మొదలైంది. ఆలస్యం ఎందుకని ఎవరో అడిగితే, "రంగు ఆరలేదు" అంది ఆవిడ.

గుమాస్తా బెరుకు తీరాక ఊరుకోలేదు. "అయితే బాబాయ్, మొహం వేరు, బుర్ర వేరు అని మాకు చెప్పేది నువ్వే కదా. చీటీ మొహానికి ఎందుకు అంటించావు?"

"బుద్ధి గడ్డి తిని" అన్నాడు బాబాయ్. అని, పొద్దున్నటి చీటీ ఊడబీకి, ఇంకో చీటీ మీద మాస్టరమ్మ అని పెద్దక్షరాలతో రాసి, ఈసారి సీపీయూకే అంటించాడు. దాని మీద ఇంకో వరస టేపు వేశాడు. జేబులో పుస్తకం తీసి, రేపు వేళ మార్చాలి అన్న గీతని కొట్టేశాడు. దాని కింద, వారానికోసారి కాపీ తెరిచి చూడాలి అని రాశాడు. ఆ మాట మీద ఆ పూటకి అతనికి నమ్మకం ఉంది.

ఒంటిగంటకు అందరూ డబ్బాలు తీశారు. మాస్టరమ్మ లేచి, బటన్ దగ్గర చెయ్యి పెట్టి ఆగింది.

"ఇప్పుడైనా సరిగ్గా ఆపడం నేర్పు తమ్ముడూ. నవ్వనంటే నేర్చుకుంటాను."

"నవ్వనక్కా, ఇంకెవర్నీ చూసి నవ్వను. కానీ మధ్యాహ్నం మాత్రం నువ్వు నీలాగే ఆపు. ఇంటికెళ్ళేటప్పుడు ఎలా ఆపాలో సాయంత్రం నేర్పుతాను."

ఆవిడ టప్పున నొక్కింది. తెర నల్లబడింది. "ఆపేశాను" అని, గుమ్మం దాటుతూ తనలో తనే నవ్వుకుంది.

బాబాయ్ వెంటనే లేవలేదు. ఫోన్ మోగుతోంది, ఏ అంతస్తులోనో ఏదో చచ్చిపోయి ఉంటుంది. ఖాళీ గదిలో ఒకటీ పదిహేను అయ్యేదాకా కూర్చున్నాడు. బల్ల కింద ఆ సీపీయూ గుయ్యిమంటూ పని చేసుకుపోతోంది. ఆ చప్పుడు వింటూ తన డబ్బా మూత తీశాడు. బాగా ఆకలేస్తోంది.