ఏడో సీసాలోని నీళ్ళు

తొమ్మిదేళ్ళుగా నేనొక అబద్ధాన్ని మోస్తున్నాను. రోజూ బరువనిపించేది కాదు. నెలల తరబడి గుర్తే ఉండేది కాదు. క్లాసులో పాఠం చెబుతున్నప్పుడో, కూర తరుగుతున్నప్పుడో ఉన్నట్టుండి గుర్తొచ్చేది. గుర్తొచ్చిన వెంటనే దానికొక కారణం చెప్పుకునేదాన్ని. ఆ కారణాలన్నీ చెప్పుకుని చెప్పుకుని అరిగిపోయాయి. మీకు వాటిని చెప్పను. జరిగింది చెబుతాను. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే చెప్పగలుగుతున్నానేమో.

నా పేరు వద్దు. మాది కొంటా, తెలుగు రాష్ట్రాల సరిహద్దుకి ఆనుకుని అవతల ఉన్న ఊరు. నాన్నకి అక్కడ కిరాణా కొట్టు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, కొట్టుకొచ్చే దోర్ల ఆదివాసులతో వాళ్ళ దోర్లీ భాష మాట్లాడుతూ పెరిగాను. నీటి రసాయన శాస్త్రం చదవడానికి జర్మనీ వెళ్ళాను. రెండో ఏడు ఎండాకాలంలో, థీసిస్ కోసం మా వైపు పల్లెల్లో తాగునీళ్ళు పట్టుకెళ్ళడానికి ఇంటికొచ్చాను. పన్నెండు ఊళ్ళు, పన్నెండు ప్లాస్టిక్ సీసాలు. ఒక్కోదాని మీద నల్ల మార్కరుతో అంకె.

ఏడో సీసా కిష్టారం అవతల ఉన్న ఒక చిన్న పల్లెది. ఆ ఊళ్ళో కన్నమ్మ అని ఒక దోర్ల ఆమె ఉండేది. నాకంటే పదేళ్ళు పెద్దదేమో. ఆమె మితానిన్. మా రాష్ట్రంలో ఊరివాళ్ళే తమలోంచి ఒక ఆడమనిషిని ఎంచుకుంటారు, జ్వరానికి మాత్రలివ్వడానికి, కాన్పుకి తోడు వెళ్ళడానికి. ఆమెని మితానిన్ అంటారు. మిగతా పదకొండు ఊళ్ళలో నేను అడిగి నీళ్ళు పట్టుకున్నాను. ఈ ఊళ్ళో మాత్రం కన్నమ్మే నాకోసం ఎదురు చూసింది.

ఊరి మధ్యలో కొత్తగా బోరింగ్ వేశారు. పక్క పల్లెలో అలాంటి బోరింగ్ నీళ్ళే తాగిన పెద్దవాళ్ళు మోకాళ్ళు వంగక గోడ పట్టుకుని నడవడం కన్నమ్మ చూసింది. నీళ్ళలో ఏదో ఉంటుందని ట్రైనింగులో ఎవరో చెప్పిన మాట గుర్తు పెట్టుకుంది. పరీక్ష అయ్యేదాకా ఆ బోరింగ్ నీళ్ళు ఎవరూ తాగొద్దని ఊరందరినీ ఆపింది. ఆడవాళ్ళు వాగు దాకా నడిచి, ఇసకలో చెలమ తీసి, గిన్నెతో తోడి కుండలు నింపుకుని వస్తున్నారు. ఆ ఎండలో. ఎదురుగా బోరింగ్ ఉండగా. వాళ్ళకి కన్నమ్మ మీద విసుగ్గా ఉందని నాకు కనిపిస్తూనే ఉంది. ఆమె మాత్రం తనే హ్యాండిల్ కొట్టి, నేను చెప్పినట్టు సీసాని ఆ నీళ్ళతోనే మూడుసార్లు కడిగి, నిండా పట్టి నా చేతికిచ్చింది. ఆమె చిన్న కూతురికి అప్పుడు రెండేళ్ళు. చంకలోంచి చెయ్యి చాపి సీసా లాక్కోబోయింది. మేమిద్దరం నవ్వాం.

మూత నేనే బిగించాను. సరిగ్గా బిగించలేదు.

ఇక ఆ వారం. జర్మనీలో దిగిన మర్నాడు, సోమవారం, ల్యాబులో పెట్టె విప్పాను. ఏడో సీసా చుట్టూ చుట్టిన పాత టవలు తడిగా ఉంది. సీసా తేలిగ్గా ఉంది. అడుగున గుటకెడు నీళ్ళు కూడా లేవు. అప్పుడు నాకు కన్నమ్మ గుర్తు రాలేదు. చెలమ గుర్తు రాలేదు. నా పట్టిక గుర్తొచ్చింది. శుక్రవారం మా గైడుకీ గ్రూపులో వాళ్ళకీ ఫలితాలు చూపించాలి. పన్నెండు వరసల పట్టికలో ఒక వరస ఖాళీగా ఉంటుంది. అంతదూరం వెళ్ళి ఒక మూత బిగించలేకపోయిందా అనుకుంటారు. నేనాలోచించింది ఇదే.

మంగళవారం, బుధవారం మిగతా పదకొండూ పరీక్షించాను. ఎంత శ్రద్ధగా చేశానో చెబితే మీరు నమ్మరు. ప్రతిదీ మూడుసార్లు. ఎలక్ట్రోడ్ కడగడం, తుడవడం, మళ్ళీ ముంచడం. ఆ రెండు రోజులూ ఖాళీ సీసాని నా బల్ల చివర పెట్టుకుని, రేపు చెబుతాను, రేపు చెబుతాను అనుకున్నాను. చెబితే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. గైడు మంచి మనిషి. "నమూనా పోయింది" అని రాసేయమనేవాడు. రెండు మాటలు. అవి రాయడానికి నాకేం అడ్డొచ్చింది? భయమా? ఆయనకి నేనెప్పుడూ భయపడలేదు. కొంటా నుంచి వచ్చిన అమ్మాయి తప్పు చేయదని నేనే ఒక బొమ్మ కట్టి వాళ్ళ ముందు నిలబెట్టాను. ఆ బొమ్మకి గీత పడటం నాకిష్టం లేకపోయింది. తొమ్మిదేళ్ళు వెతికితే నాకు దొరికిన జవాబు ఇంతే, ఇంత చిన్నది.

గురువారం మధ్యాహ్నం ఆరో సీసాలో మిగిలిన నీళ్ళలో సగం ఏడో సీసాలో పోశాను. ఆరోది అదే దారిలో ఉన్న ఇంకో ఊరి బావి నీళ్ళు. మంచి నీళ్ళు. పరీక్షించాను, ఫ్లోరైడ్ దాదాపు లేదు. రెండు వరసలూ ఒకేలా కనిపిస్తే బాగుండదని చివరి అంకె మార్చాను. ఆ అంకె మార్చినప్పుడు చెయ్యి తడబడలేదు. అది మాత్రం మరిచిపోలేను.

శుక్రవారం పట్టిక చూపించాను. బాగుందన్నారు.

ఆదివారం పొద్దున ఫోన్ మోగింది. కన్నమ్మ. వాళ్ళ ఊళ్ళో సిగ్నల్ ఉండదు. రోడ్డు దాకా నడిచొచ్చి, మా నాన్న దగ్గర తీసుకున్న నంబరుకి చేసింది.

"చెల్లె, నేను కన్నమ్మని. మా బోరింగ్ నీళ్ళు చూసినవా?"

"చూసిన అక్కా."

"ఏమున్నది అండ్ల?"

"ఏం లేదక్కా. మంచిగనే ఉన్నయ్."

"తాగొచ్చా మరి? చిన్నపిల్లలు గూడ?"

ఇక్కడ నేను కాస్త ఆగాను. ఎంతసేపో తెలియదు. లైన్ తెగిందేమో అనుకుని ఆమె "హలో, హలో" అంది.

"తాగొచ్చు," అన్నాను.

"అమ్మయ్య. ఆడోళ్ళందరు నన్ను తిడుతున్నరు చెల్లె, చెలమకు నడవలేక. ఇగ నేను పోయి చెప్తా. చదువుకున్న పిల్ల చూసింది, మంచిగున్నయన్నదని చెప్తా."

అంతే. ఫోన్ పెట్టేశాక వంట చేసుకున్నాను. తిన్నాను కూడా.

పట్టికలో అంకె మార్చినప్పుడు నేను మోసం చేసింది ఒక కాగితాన్ని. ఫోన్‌లో మోసం చేసింది మనిషిని. ఈ రెంటికీ మధ్య రెండు రోజులున్నాయి. ఆ ఫోన్ వచ్చిన క్షణంలోనైనా "అక్కా, సీసా ఒలికిపోయింది, ఇంకొన్నాళ్ళు ఆగు" అని ఉంటే చాలు. గైడుకి తెలిసేది కాదు, పట్టిక చెదిరేది కాదు. నా బొమ్మకి కూడా ఏమీ అయ్యేది కాదు. మరెందుకు అనలేదు? శుక్రవారం నాటికే నేను ఆ అంకెని నమ్మడం మొదలుపెట్టానేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది. బోరింగుల్లో చాలావరకు మంచివే, ఇదీ మంచిదే అయ్యుంటుందని. కానీ నమ్మినవాళ్ళు ఫోన్‌లో ఆగరు కదా. నేను ఆగాను.

చదువు అయ్యాక తిరిగొచ్చాను. ఇప్పుడు జగదల్‌పూర్‌లో ఒక కాలేజీలో పాఠాలు చెబుతాను. ఆ పల్లెకి మాత్రం వెళ్ళలేదు. దారులు బాగోలేవని, చెక్‌పోస్టులని, సెలవు లేదని. నీళ్ళు మళ్ళీ పట్టి తెచ్చుకోవడానికి ఒక్క రోజు చాలు. ఇన్నేళ్ళలో ఆ ఒక్క రోజు నాకు దొరకలేదు.

పోయినేడు చుట్టాల పెళ్ళికి కొంటా వెళ్ళినప్పుడు సంతలో కన్నమ్మ కనిపించింది. చింతపండు అమ్ముతోంది. నేను గుర్తు పట్టకముందే ఆమే పిలిచింది. పక్కన కూతురు. పదేళ్ళుంటాయి. నన్ను చూసి నవ్వింది, నవ్వుతూనే అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. చెయ్యి తీసినప్పుడు చూశాను. పళ్ళ మీద గోధుమరంగు చారలు. నేను ఏటా పాఠంలో బోర్డు మీద గీసి చూపించే ఫ్లోరైడ్ చారలే.

కన్నమ్మ మామూలుగానే చెప్పింది. అంతకు ముందు ఏడాది సర్కారు వాళ్ళొచ్చి నీళ్ళు పరీక్షించారట. తాగొద్దని బోరింగుకి ఎర్ర రంగు వేసి వెళ్ళారట. ఊళ్ళో ఆ ఈడు పిల్లలందరికీ ఇలాగే ఉందట. ఒకరిద్దరు పెద్దవాళ్ళకి నడుము పట్టేసిందట. మితానిన్ పని ఇంకా చేస్తున్నావా అని అడిగాను. ఏదో ఒకటి అడగాలని.

"లేదు చెల్లె. ఊరోళ్ళు వద్దన్నరు. నువ్వే తాగుమన్నవ్, నీ మాట ఇనే తాగినం అన్నరు." చింతపండు సర్దుతూ అంది. "వాళ్ళకు చెప్పిన నేను. ఆ పిల్ల చూసినప్పుడు నీళ్ళు మంచిగనే ఉండె, తర్వాత పాడైనయ్ అని. అంతే గద చెల్లె? నీళ్ళు మారుతయ్ గద?"

నా వైపు చూసింది. అడగడం కాదు అది. నా తరఫున ఊరందరితో వాదించి వచ్చిన మనిషి, ఆ వాదన నిజమేనని ఒక్కసారి నా నోట వినాలనుకుంది.

"అవునక్కా," అన్నాను. "నీటిమట్టం దిగితే మారుతయ్."

సైన్సు కూడా చెప్పాను, చూశారా. మారతాయి, అది అబద్ధం కాదు. అందుకే అంత సులువుగా వచ్చింది. మొదటి అబద్ధం ఇరవై నాలుగేళ్ళ పిల్ల చెప్పింది. ఇది ముప్పై దాటిన టీచరు, పిల్ల పళ్ళు చూశాక చెప్పింది. కన్నమ్మ నాకు ఒక దోసెడు చింతపండు ఆకులో పెట్టి ఇచ్చింది. తీసుకున్నాను.

ఆ తర్వాత జర్మనీలో మా గైడుకి ఉత్తరం రాశాను. "ఏడో నమూనా విషయంలో సీసాలు తారుమారయ్యాయి" అని. తారుమారయ్యాయట. వాటంతటవే. ఆయన మర్యాదగా జవాబిచ్చాడు, ఆ వరస తీసేస్తామన్నాడు. అంత దూరానికి అరనిజం చెప్పడానికే ఎనిమిదేళ్ళు పట్టింది. కన్నమ్మ ఊరికి జగదల్‌పూర్ నుంచి బస్సులో బయలుదేరితే సాయంత్రానికి చేరొచ్చు.

క్షమించమని అడగడానికి ఇది రాయడం లేదు. క్షమించాల్సింది మీరు కాదు. ఆ పిల్ల తరఫున క్షమించడం కన్నమ్మ వల్ల కూడా కాదు. ఆమె వినాల్సింది వేరే. ఊరి ముందు, తప్పు తనది కాదని. ఆ మాట చెప్పగలిగేదాన్ని నేనొక్కదాన్నే. ఎప్పుడు మొదలుపెట్టినా నోట్లోంచి వివరణలే వచ్చాయి, మూతలు, పట్టికలు, వయసు. అందుకే ఇవాళ అవన్నీ ముందే రాసేసి, చివరికి ఏం మిగులుతుందో చూద్దామనుకున్నాను. ఆమెతో ఎలా మాట్లాడతానో అలాగే రాస్తాను.

కన్నక్కా, మీ నీళ్ళు నేను చూడలే. చూసిన అని చెప్పిన. తర్వాత మారినయని గూడ ఉత్తగనే అన్న, అప్పుడు ఎట్లుండెనో నాకు తెల్వనే తెల్వదు. నువ్వు ఊరోళ్ళకు అబద్ధం చెప్పలే. నేను నీకు చెప్పిన.

ఇంతే మిగిలింది. నాలుగు ముక్కలు. పైకి చదివాను. వివరణలేవీ లేని ఆ గొంతు నాదేనని తెలిసింది.