కాళ్లు చూసే మనిషి

మిర్యాలగూడలో మా ఇంటి వెనక కాలువకు నీళ్లు వదిలే లష్కరు ఒకాయన ఉండేవాడు. తాబేలు ఇంట్లోకొస్తే అరిష్టమని వాడకట్టంతా ఆయనకే కబురు పెట్టేది. దాన్ని తిరగేసి, కాళ్లు నొక్కి చూసి, గోనెసంచిలో వేసుకుపోయేవాడు. సంతలో కోడిని నొక్కి చూసినట్టే ఉండేది. కూర వండుకుంటాడని నా అనుమానం.

ఒకరోజు మా పెరట్లోకి తాబేలొచ్చింది. ఆయనకు చెప్పకుండా నేనే కాలువలో విసిరేశాను. గట్టు మీద ఎదురైతే గర్వంగా చెప్పాను కూడా.

ఆయన నీళ్లకేసి చూశాడు. "కాళ్లు సూసిన్రా సారూ? కాలేళ్ల నడుమ తోలుంటేనే నీళ్లది. మొద్దుకాళ్లదైతే నేలది, మునిగి సస్తది. గందుకే సూసి, ఏది యాడిదో గాడ ఇడుస్త."

నేను చూడలేదు. ఇన్నాళ్లూ ఆయన సంచినే చూశాను.