తువ్వాలు కింద శాస్త్రం

మా బావ మీద నాకున్న కుళ్లుకి నా చదువంత వయసుంది. అతను మా మేనత్త కొడుకు, నాకంటే ఆరు నెలలు పెద్ద. తండ్రి పోయాక మేనత్త అతన్ని తీసుకుని బరంపురంలో మా ఇంటికి వచ్చేసింది. అప్పటి నుంచి మా ఇంట్లో అన్నీ రెండేసి. రెండు పలకలు, రెండు చొక్కాలు, రెండు పీటలు. మా నాన్న కొడుకనీ మేనల్లుడనీ తేడా చూసే మనిషి కాదు. చూస్తే బాగుండునని నేను ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

మద్రాసు నుంచి మమ్మల్ని విడదీసి కొత్త ఒరిస్సాలో కలిపిన రోజులవి. కాలేజీలో బావ రసాయన శాస్త్రం తీసుకున్నాడు. నేను అర్థశాస్త్రం, దానితో పాటు మనస్తత్వ శాస్త్రం చదివాను. బావ వేళ్ల మీద ఎప్పుడూ ఏదో ఒక మరక ఉండేది. మేనత్త ఆ మరకల్ని ఇరుగుపొరుగుకి నగల్లా చూపించేది. నా వేళ్లకి సిరా తప్ప ఏముంటుంది?

"నీవి శాస్త్రాలు కావురా, కబుర్లు," అనేవాడు బావ, నవ్వుతూనే. "నేను ఇయ్యాల కలిపిందే రేపు కలిపినా అదే ఒస్తాది. నీ పుస్తకంలో ఏటి కలిపితే ఏటొస్తాదో సెప్పు సూద్దాం."

నాకు ఒళ్లు మండిపోయేది. జవాబు తెలియకపోవడం వల్ల మరీ మండేది.

డిగ్రీలు అయ్యాయి. మాది గేట్ బజార్లో పసుపు టోకు కొట్టు. నాన్నకి మోకాళ్ల నొప్పులు మొదలై, ఇద్దరిలో ఒకడు కొట్టు మీద కూర్చోక తప్పని పరిస్థితి వచ్చింది. రెండోవాడు విశాఖపట్నం వెళ్లి పై చదువు చదవొచ్చు. ఎవరు వెళ్లాలి? నాన్న భోజనాల దగ్గర తేల్చేశాడు.

"ఇద్దరూ నాది శాస్త్రమంటే నాది శాస్త్రమని కొట్టుకుంతన్నారు గదా. సేసి సూపించండి. ఎవుడి సదువు నిజమో ఆడు ఎల్తాడు. రెండోవోడు గద్దె మీద కూకుంతాడు."

బావ మర్నాడే చూపించాడు. పసుపునీళ్లలో తెల్లకాగితం ముంచి ఆరబెట్టి ముక్కలు చేశాడు. మూడు గ్లాసుల్లో నీళ్లు పోయించి, తను గోడవైపు తిరిగి నిలబడి, ఒక దాంట్లో బట్టల సోడా కలపమన్నాడు. నాన్న కలిపి, గ్లాసులు అటూ ఇటూ మార్చాడు. మూడూ తేటగానే ఉన్నాయి. బావ వచ్చి ఒక్కో కాగితం ముంచాడు. మూడోది ఎర్రబడింది. నాన్న మళ్లీ మార్చాడు, మళ్లీ ఎర్రబడింది. నాలుగుసార్లు చేయించాడు, నాలుగుసార్లూ అంతే. మేనత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది. మా అమ్మ రోజూ పసుపులో సున్నం కలిపి హారతి నీళ్లు ఎర్రగా చేసే మనిషే, ఆవిడ కూడా నోరు తెరుచుకుని చూసింది. సొంత తల్లి! నాకు ఆ పూట అన్నం సయించలేదు.

నా వంతు వచ్చింది. ఆ ఏడు కొండల మీద పసుపు బాగా పండిందని బళ్లవాళ్లు చెప్పుకుంటున్నారు. సరుకు పెరిగితే ధర తగ్గాలి. నా పుస్తకం మొదటి పాఠమే అది. "పది రోజుల్లో పసుపు ధర పడుతుంది నాన్నా," అన్నాను.

"సూద్దాం," అన్నాడు నాన్న.

అయిదు రోజులు పోయాయి. ధర పడలేదు. ఆరో రోజున కాస్త పెరిగింది కూడా. మా బజార్లో ధర నోటితో చెప్పుకోరు. అమ్మేవాడూ కొనేవాడూ ఒక తువ్వాలు కింద చేతులు కలుపుతారు. వేళ్లు పట్టుకున్న తీరును బట్టి ధర తెలుస్తుంది. పైనున్న నలుగురికీ ఏమీ కనబడదు, వినబడదు. ఆ తువ్వాలు పైకీ కిందకీ కదులుతుంటే నేను దూరంగా నిలబడి నా బతుకు దాని కింద ఉన్నట్టు చూసేవాణ్ణి. పక్కనే బావ విశాఖపట్నం రైలు ఎన్ని గంటలకో ఎవరినో అడుగుతున్నాడు.

ఆ సాయంత్రం బజారు మలుపులో ఉన్న కాఫీ హోటలుకి వెళ్లాను. పురుషోత్తంపూర్ నుంచి వచ్చే దళారి ఒకాయన అక్కడే కూర్చుంటాడని నాకు తెలుసు. అతనికి వినబడేలా, ఎదుటి కుర్రాడితో అన్నట్టుగా అన్నాను: "పసుపు ఇప్పుడు కొనేవాడిది బుద్ధితక్కువ. నాలుగు రోజుల్లో ధర పడిపోతుంది."

దళారి గ్లాసు కింద పెట్టాడు. "సొతొ?" అన్నాడు ఒడియాలో. నిజమేనా అని.

నేను తలూపాను. అంతే. అబద్ధం ఒక్క ముక్క చెప్పలేదు, నాన్నకి చెప్పిన మాటే చెప్పాను. కానీ గేట్ బజార్లో కొట్టువాడి కొడుకు మాట ఉత్త మాట కాదు, కొట్టు మాట. అది నాకు పాలు తాగే వయసు నుంచీ తెలుసు.

మర్నాటి నుంచి కొనేవాళ్లు చేతులు వెనక్కి లాక్కున్నారు. వాళ్లు ఆగితే అమ్మేవాళ్లు కంగారుపడ్డారు. తొమ్మిదో రోజుకి నేను చెప్పినట్టే ధర పడింది. నాన్న నా వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "కొట్టు మీద కూకోకుండానే కనిపెట్టీసినాడు. ఈడే ఎల్లాలి," అన్నాడు. బావ నా భుజం తట్టాడు. మేనత్త వంటింట్లోకి వెళ్లిపోయింది.

విశాఖపట్నం రైల్లో కూర్చున్నాక తెలిసింది నేనేం చేశానో. మూడో గ్లాసులో కాగితం ఎర్రబడు అంటే ఎర్రబడదు. వద్దన్నా మానదు. దానికి చెవుల్లేవు. బజారుకి ఉన్నాయి. నేను సరిగ్గా ఊహించినందుకు ధర పడలేదు, నేను చెప్పాను కాబట్టి పడింది. మరి అది శాస్త్రమా? ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కోవడానికే కాబోలు, తిరిగొచ్చి జీవితమంతా కాలేజీలో పాఠాలు చెప్పాను. ఏటా ఒక పిల్లాడు లేచి, అర్థశాస్త్రం నిజంగా శాస్త్రమేనా అని అడుగుతాడు. రెండు వైపులా వాదించి గంట కొట్టేవరకూ లాగేస్తాను.

బావ గద్దె మీద కూర్చున్నాడు. కుళ్లు అక్కడితో తీరిపోవాలి కదా? తీరలేదు. తువ్వాలు కింద అతని చేతికి ఎదురులేదని ఛత్రపురం దాకా పేరొచ్చింది. పెద్ద పెద్ద వర్తకులు బావతో బేరమంటే భయపడేవారు. "సేతి ఏళ్లు ధర సెప్తాయిరా, అరిసెయ్యి మనసు సెప్తాది," అనేవాడు. నేను నాలుగు పుస్తకాలు చదివి పిల్లలకి చెప్పే మనస్తత్వ శాస్త్రం అతనికి చర్మం మీద తెలుసు. విశాఖపట్నం చదువు నేను తీసుకుంటే, అందులోని విద్య కూడా అతనికే వెళ్లింది. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చేది.

ఇద్దరికీ జుట్టు నెరిశాక, ఒక మధ్యాహ్నం కొట్టుకి వెళ్లాను. బేరాల్లేవు. పొద్దున క్లాసులో మళ్లీ అదే ప్రశ్న అడిగారని చెప్పాను. బావ నవ్వి, భుజం మీది తువ్వాలు తీసి మా ఇద్దరి మధ్యా పరిచాడు.

"సెయ్యి ఇలా తే."

సరదాకనుకుని ఇచ్చాను. నా వేళ్లు కాదు, అరచెయ్యి పట్టుకున్నాడు.

"అప్పుడు పసుపు ధర పడ్డాది సూడు. దానికి ముందు ఎవుడికైనా ఏటైనా సెప్పినావేటి?"

"లేదు బావా," అన్నాను వెంటనే.

బావ కాసేపు అలాగే పట్టుకున్నాడు. బజార్లో బండి ఒకటి వెళ్తూ ఉంది, దాని చక్రాల చప్పుడు పోయేదాకా వదల్లేదు. తర్వాత చెయ్యి తీసి, నా చెమటతో తడిసిన తన అరచేతిని తువ్వాలుకి తుడుచుకుని, దాన్ని భుజం మీద వేసుకున్నాడు.

"కాగితం ఎర్రబడిందిరా," అన్నాడు.

తిట్టలేదు. కాఫీకి కేకేసి, రెండు తెమ్మన్నాడు.